మూడో బోల్టు

మార్త వంటింట్లో పసుపు డబ్బా అడుగు కనిపించడం రెండు నెలల్లో ఇది మూడోసారి.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. పొద్దున పప్పులో అర చెంచా, సాయంత్రం కూరలో పావు చెంచా. ఆ లెక్కన చిన్న స్టీలు డబ్బా నెలన్నర రావాలి. పసుపు కొమ్ములు తెచ్చి, ఎండబెట్టి, గిర్నీలో దగ్గరుండి పట్టించుకునే మనిషికి తన పసుపు ఎన్నాళ్లు వస్తుందో తెలియకుండా ఉండదు. మొదటిసారి డబ్బా ఖాళీ అయిన రోజు ఆమె మూత చేత్తో పట్టుకుని రోజులు లెక్కపెట్టుకుంది. ఆ సాయంత్రం భర్త అన్నానికి కూర్చున్నప్పుడు అతని గోళ్లు చూసింది. ఎంత సబ్బు రుద్దినా పోని నల్లటి గ్రీజు పక్కన సన్నగా ఒక పసుప్పచ్చ గీత.

ఆమె అడగలేదు. అటక మీది పెద్ద సీసా దించి డబ్బా నింపింది. రెండోసారీ అంతే చేసింది.

కారు రేడియేటర్ కారుతుంటే అందులో గుప్పెడు పసుపు పోయడం తాండూరు రోడ్డు మీద బండ్లు నడిపే వాళ్లందరికీ తెలిసిన ఉపాయమే. వేడి నీళ్లలో పసుపు ఉబ్బి, సందుల్లో చేరి, కారడం ఆగిపోతుంది. కొన్నాళ్లే. తర్వాత అదే పసుపు నీళ్లు పారాల్సిన సన్నటి గొట్టాల్లో ముద్ద కడుతుంది. నీళ్లు తిరగక ఇంజన్ ఉడికిపోతుంది. అలా ఉడికిపోయి వచ్చిన బండ్లను అనంతయ్య ముప్పై ఏళ్లుగా బాగు చేస్తున్నాడు. మూత తీసి పసుపు కనబడితే డ్రైవర్‌ను వదిలిపెట్టేవాడు కాదు. "ఇది ఇంజనా, పప్పు గిన్నెనా? పసుపు ఒక్కటే ఏస్తివేంది, కరివేపాకు గూడ ఏసేది ఉండె!" అని పది మందిలో నవ్వించేవాడు. ఆ మాట ఆ రోడ్డంతా తిరిగింది.

అలాంటి మనిషి ఇప్పుడు తన ఇంటి పసుపు దొంగతనంగా తీసుకుపోయి జనం బండ్లలో పోస్తున్నాడు. ఎందుకో మార్తకు తెలుసు. తెలుసు కాబట్టే అడగలేదు.

అనంతయ్య పుట్టింది పూడూరు దగ్గర పల్లెలో. తండ్రి, తాత పరాయి చేలల్లో కూలి చేసినవాళ్లు. అతను పానా పట్టి ఆ దారి తప్పించుకున్నాడు. వికారాబాద్ దాటి తాండూరు వెళ్లే రోడ్డు పక్క, ఇంటి ముందే రేకుల షెడ్డు వేశాడు. అతనికి పేరు తెచ్చింది పెద్ద పనులు కావు. ఇంజన్‌కూ వెనక గోడకూ మధ్య, కన్ను పడని ఇరుకులో చెయ్యి దూర్చి చేసే పనులు. "కనబడే బోల్టు ఎవడన్న ఇప్పుతడు" అనేవాడు. చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయాక కళ్లు మూసుకునేవాడు. వేళ్ల కొసలతోనే చూసేవాడు. మిగతా షెడ్ల వాళ్లు సగం ఇంజన్ దించితే తప్ప కాదన్న పనిని అతను గంటలో ముగించి చేతులు తుడుచుకునేవాడు.

షుగర్ వచ్చి పదేళ్లయింది. వేళ్ల కొసలు మొద్దుబారి ఏడాదిన్నర. మొదట చొక్కా గుండీలు ఆలస్యమయ్యాయి. తర్వాత ఒక రోజు పొగలు కక్కే చాయ్ గ్లాసును అరచేత్తో పట్టుకుని నింపాదిగా కబుర్లు చెప్పడం మార్త చూసింది. ఆదివారం సాయంత్రం ఇంట్లో ప్రార్థనప్పుడు బైబిలు చదివేది అతనే. ఆ పలుచటి కాగితాలు రెండు ఒక్కసారే తిరిగిపోయినా అతని వేలికి తెలియలేదు. సగం వాక్యం నుంచి వేరే వాక్యంలోకి దూకి, గొంతు ఏ మాత్రం తడబడకుండా చదువుకుంటూ పోయాడు. మార్త తల వంచుకుని విని, చివర ఆమెన్ అంది.

ఆసుపత్రికి ఇద్దరూ కలిసే వెళ్లారు. నరాలు దెబ్బతిన్నాయనీ, షుగర్‌ను అదుపులో పెట్టుకుంటే ఇంకా పోకుండా ఆపవచ్చేమో కానీ పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టమనీ డాక్టరు చెప్పాడు. బస్సులో వస్తూ అనంతయ్య, "గోలీలు మంచియే రాసిండు" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కంచంలో అన్నం పెట్టాక మార్త దాన్ని కాసేపు వంటింట్లోనే ఆరనిచ్చి, తన వేలు పెట్టి చూసుకుని, అప్పుడు తెచ్చి అతని ముందు పెట్టేది. అతను ఏమీ గమనించనట్టు తినేవాడు. ఆ చేతులు తప్ప అతనికి వేరే ఏమీ లేదు. అవి పోయాయని ఒప్పుకుంటే ఆ షెడ్డులో అతను నిలబడటానికి చోటుండదు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

ఆ పొద్దున మూడోసారి ఖాళీ అయిన డబ్బా చేతిలో ఉండగానే బయట లారీ ఆగిన చప్పుడైంది.

తాండూరు నుంచి నాపరాళ్ల లోడుతో వస్తున్న లారీ. వెనక తాడుతో కట్టిన తెల్ల కారు. కారులోంచి దిగిన సుధాకర్‌ను చూడగానే మార్తకు డబ్బా ఎందుకు ఖాళీ అయిందో ఇంకోసారి అర్థమైంది. పది రోజుల కిందట ఆ కారు షెడ్డులోనే ఉంది. మూడు రోజులుంది.

సుధాకర్‌కు తాండూరులో బండలు పాలిష్ చేసే యూనిట్ ఉంది. అతని తండ్రి జీపు నాటి నుంచీ వాళ్ల బండ్లు అనంతయ్య చేతి మీదుగా వెళ్లినవే.

"అనంతన్నా, ఏందిది? పది రోజులు గాలేదు నీ కాడికెళ్లి తీస్కవోయి!" సుధాకర్ గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది. "అనంతగిరి గుట్ట ఎక్కుతుంటే వేడి సూది సీదా ఎర్రగీతల వడ్డది. ఎంబటే ఆపిన గాబట్టి సరిపోయింది. అమ్మ ఉన్నది లోపట. కండ్లు చూపిద్దామని తీస్కొస్తున్న."

వెనక తలుపు తీసుకుని అతని తల్లి ఇంద్రమ్మ మెల్లగా దిగింది. డెబ్బై అయిదు దాటిన మనిషి. "నాకేమైతదిరా! నేనెట్లైన ఆవిరయ్యేదాన్నే. నాకన్న ముందు నీ బండి ఆవిరైంది" అంది.

మార్త కుర్చీ తెచ్చి రేకుల నీడలో వేసింది. "కూసోండమ్మా. చాయ్ పెట్టనా?"

"వద్దు బిడ్డా. షుగరు."

ఇంద్రమ్మ ఈ ఇంట్లో చాయ్ వద్దనడానికి కారణం షుగరో, అంతకు ముందు నుంచీ ఉన్న ఇంకేదో, మార్త ఏనాడూ తేల్చుకోలేదు. చక్కెర లేకుండా పెడతానని మాత్రం ఎన్నడూ అనలేదు.

బండిలో చెడింది పెద్ద వస్తువు కాదు. ఇంజన్‌లో కాగిన నీళ్లు రేడియేటర్‌కు పోయే దారిలో పిడికిలంత ప్లాస్టిక్ మూత ఒకటుంటుంది. థర్మోస్టాట్ హౌసింగ్ అంటారు. అది పగిలితే కొత్తది వేయాలి. దాని గాడిలో ఒక రబ్బరు రింగు కూర్చోబెట్టి, ఇంజన్‌కు ఆనించి, మూడు బోల్టులు బిగించాలి. రెండు కనబడతాయి. మూడోది వెనక, కింద. అద్దం పెడితే చెయ్యి పట్టదు, చెయ్యి పెడితే అద్దం పట్టదు. రింగు గాడిలో ఉందో, జారి మడతపడిందో చెప్పగలిగేది వేలి కొస ఒక్కటే. పది రోజుల కిందట అనంతయ్య ఆ మూత రెండుసార్లు విప్పి రెండుసార్లు బిగించాడు. రెండుసార్లూ కారింది. మూడో రోజు పొద్దున బండి తయారైందని ఫోన్ చేశాడు.

ఇంజన్ చల్లారాక అనంతయ్య రేడియేటర్ మూత తిప్పాడు. లోపల నీళ్లు గంజిలా చిక్కగా, పసుప్పచ్చగా ఉన్నాయి. ఉడికిన పసుపు వాసన గడప దగ్గరున్న మార్త దాకా వచ్చింది.

సుధాకర్ వంగి చూశాడు. "పసుపా? గీండ్ల పసుపెవడు పోసిండు?"

అనంతయ్య మూతను గుడ్డతో తుడుస్తున్నాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న మూతను.

"పరశురాం గాడే!" సుధాకరే అన్నాడు. పరశురాం అతని డ్రైవరు. "నీ కాడికెళ్లి పోయినంక ఆడే గద నడిపింది. ఆనికి పాత లారీ బుద్ధులు పోలే. ఆడే పోసిండు గదన్నా?"

అనంతయ్య అవుననలేదు. కాదనీ అనలేదు. "ముందుగాల కడగాలె పటేలా" అన్నాడు, పైపు కోసం అటు తిరుగుతూ.

సుధాకర్ అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. "ఏంరా, బండిల పసుపు పోసినవా? నాకు ఒట్టు గిట్టు పెట్టకు. మా అమ్మ సచ్చిపోతుండె తెల్సా? ఇయ్యాల్టికెళ్లి నువ్వు పనికి రాకు. రావొద్దన్నగద!" ఫోన్‌లోంచి అవతలి గొంతు సన్నగా, గబగబా ఏదో మొత్తుకోవడం మార్తకు వినిపించింది. ఆ గొంతు మధ్యలోనే తెగిపోయింది.

ఆమె భర్త వైపు చూసింది. అతను రేడియేటర్‌లోకి పైపు పెట్టి నీళ్లు వదిలాడు. షెడ్డు నేల మీద పసుపు నీళ్లు పారి, ఆమె కాళ్ల దాకా వచ్చి, అక్కడినుంచి మోరీ వైపు మళ్లాయి.

రేడియేటర్ కడగడానికే గంటన్నర పట్టింది. నీళ్లు తేటగా వచ్చాక అతను బ్యాటరీ తీశాడు, గాలి ఫిల్టర్ డబ్బా తీశాడు, రబ్బరు గొట్టాలు ఊడదీశాడు. పాత రింగు తీసి పారేసి కొత్త రింగుకు గ్రీజు రాసి గాడిలో పెట్టాడు. వెలుగులో, కళ్లతో చూస్తూ పెట్టినంతసేపూ అది చక్కగానే కూర్చుంది. మూతను ఇంజన్ వెనక్కి దించాక అతని చెయ్యి మోచేతి దాకా మాయమైంది. అలవాటుగా కళ్లు మూసుకున్నాడు.

మొదటి బోల్టు, రెండో బోల్టు. మూడోది జారి, ఇంజన్ కింద ఎక్కడో టింగుమంది. అయస్కాంతం పుల్లతో దాన్ని వెతికి తీశాడు. మళ్లీ జారింది. మళ్లీ తీశాడు. మార్చి ఎండకు రేకులు చిటపటమంటున్నాయి. అతని మెడ మీద చెమట ధారలు కట్టింది.

"అన్నా, మునుపు గింత టైం పడుతుండెనా నీకు?" సుధాకర్ మామూలుగానే అడిగాడు.

"కొత్త బండ్లు పటేలా. సందు ఇయ్యలే కంపెనోళ్లు."

మూడోసారి బోల్టు పట్టింది. గొట్టాలన్నీ తగిలించి, నీళ్లు పోసి, ఇంజన్ స్టార్టు చేశాడు. నలుగురి కళ్లూ ఇంజన్ కిందే ఉన్నాయి. పావుగంట పొడిగా ఉంది. మార్త ఊపిరి వదలబోతుండగా గేర్‌బాక్స్ మీద సన్నగా చుయ్‌మంది. ఒక చుక్క. ఆవిరి. మళ్లీ ఇంకో చుక్క.

అనంతయ్య ఇంజన్ ఆపి, ఏ గొట్టం దగ్గరో చూద్దామన్నట్టు చెయ్యి లోపల పెట్టి, ఆ చేతి మీదే బరువాన్చి వంగాడు. వంగి అలాగే ఉండిపోయాడు.

"అయ్యో, చెయ్యి కాలుతున్నది గదయ్యా!" ఇంద్రమ్మ కుర్చీలోంచి సగం లేచింది.

అతను చెయ్యి తీసి చూసుకున్నాడు. నాలుగు వేళ్ల కింద అరచెయ్యి ఎర్రగా పొంగి ఉంది. దాన్ని ఎవరిదో చెయ్యి అన్నట్టు చూశాడు. మార్త చెంబుతో నీళ్లు తెచ్చి పోసింది. నొప్పికి ముఖం చిట్లించింది ఆమె. అతను కాదు.

ఇంద్రమ్మ అతన్నే చూస్తోంది. "నీకు తెల్వలేదు?" అని అడిగింది. అతను గుడ్డ కోసం అటు తిరిగితే తనే అంది, "నాకు కాళ్లకొచ్చింది గదా గీ రోగం. మొన్న చెప్పు యాడనో జారిపోయింది. ఒక్క చెప్పుతోని బజారంత తిరిగిన. జనం నన్ను చూసి నవ్వుతుంటే, ఇయ్యాల అందరు మస్తు సంతోషంగున్నరు అనుకున్న." సుధాకర్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. "నీకు చేతులకొచ్చిందా అనంతయ్యా?"

ఏడాదిన్నరగా ఆ ఇంట్లో ఎవరూ అనని మాట. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నావిడ చెప్పు పోయిన కబురంత తేలిగ్గా అనేసింది.

"నాకేం కాలేదమ్మా" అన్నాడు అనంతయ్య. "ఇంజన్ల పని చేసెటోనికి కాలుడు, తెగుడు ఉంటయి."

ఇంజన్ మళ్లీ చల్లారేదాకా ఆగాల్సి వచ్చింది. రోడ్డు మీద బండల లారీలు పోతూ ఉన్నాయి. చల్లారాక అతను మళ్లీ అన్నీ విప్పాడు, మళ్లీ కొత్త రింగు తీశాడు, మూతను వెనక్కి దించాడు. మార్త గడప మీద నుంచి చూస్తోంది. అతని భుజం కదులుతోంది కానీ ఆ కదలికలో పని లేదు. వెతుకులాట ఉంది. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నాడేమో అనుకుంది. దగ్గరికి వెళ్లాక వినబడింది. "యాడ ఉన్నవ్, యాడ ఉన్నవ్" అని ఆ రింగునే అడుగుతున్నాడు.

ఆమె గాజులు తీసి కిటికీలో పెట్టింది. కొంగు బొడ్లో దోపింది.

"జరుగు జర."

అతను తల తిప్పాడు. "నువ్వెందుకే?"

"రింగు ఒక దిక్కు జారినట్టున్నది. చూస్త."

"నీకేం తెలుస్తది?"

"కుక్కర్ రింగు రోజు పెడుతలేనా?"

సుధాకర్ మళ్లీ నవ్వాడు. "ఏందన్నా, మార్తక్క గూడ మెకానిక్కైందా? ఇగ నువ్వు వంట నేర్చుకో!"

అనంతయ్య కదల్లేదు. మార్త కూడా కదల్లేదు. కొంతసేపటికి అతను చెయ్యి బయటికి లాక్కుని పక్కకు జరిగాడు.

ఆమె చెయ్యి సన్నటిది. ఇంజన్‌కూ గోడకూ మధ్య ఇనుము ఇంకా గోరువెచ్చగా ఉంది. ఒక వైరు, ఒక గొట్టం, ఒక పదునైన అంచు. వాటిని దాటాక ప్లాస్టిక్ మూత వెనక భాగం వేళ్లకు తగిలింది. బోల్టు రంధ్రం, దాని పక్క అంచు, అంచు మీద వేలిని మెల్లగా నడిపించింది. పైన రింగు గాడిలోనే ఉంది. కిందికి వచ్చేసరికి గాడిలోంచి లేచి, మూతకూ ఇంజన్‌కూ మధ్య పడి, చీర కుచ్చిళ్లలో ఒకటి తిరగబడ్డట్టు మడతపడి ఉంది. ఇంత స్పష్టంగా ఉంది. పసిపిల్ల చెయ్యికైనా తెలుస్తుంది. ఆ సంగతి తెలిసిన క్షణంలో ఆమెకు ఏడుపొచ్చింది. తెలియకుండా ఉంటే బాగుండేది. రింగులోనే లోపం ఉందనో, మూత వంకర పోయిందనో చెప్పే వీలుండేది.

"ఏమున్నది?" అతను చాలా మెల్లగా అడిగాడు.

"కింద మడతపడ్డది."

"ఎంత?"

"గోరంత."

అతను తల ఊపాడు. "మూతను జర ఎనకకు గుంజు. వేలితోని లోపటికి ఒత్తు. దబ్బన ఒత్తకు."

ఆమె ఒత్తింది. రబ్బరు గాడిలోకి జారి కూర్చోవడం వేలికి తెలిసింది. ఇంకోసారి చుట్టూ వేలు తిప్పి చూసుకుంది. మూడో బోల్టును రెండు వేళ్లతో రంధ్రంలో నిలిపి, అడ్డంగా పోకుండా మొదట వెనక్కి ఒక చుట్టు తిప్పి, మరలు కలిశాక బిగించింది. అలా వెనక్కి తిప్పాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సీసా మూతలు అలాగే పెడుతుంది.

"ఇగ పానా. చెయ్యి ఆగినకాడ ఆగు. ఇంకో పావు తిప్పు. అంతే. ఎక్కువ తిప్పితే పలుగుతది."

ఆగిన చోట ఆగింది. ఇంకో పావు తిప్పింది.

కనబడే రెండు బోల్టులూ అతనే బిగించాడు.

ఇంజన్ అరగంట నడిచింది. సూది నడిమధ్యకు వచ్చి అక్కడే నిలిచింది. సుధాకర్ మోకాళ్ల మీద కూర్చుని సెల్‌ఫోన్ వెలుతురులో కింద చూశాడు. అంతా పొడిగా ఉంది.

"అబ్బ, బతికిచ్చినవన్నా!" అంటూ లేచి చేతులు దులుపుకున్నాడు. "ఇగ ఫికర్ లేదు. ఆ పరశురాం గాడు మళ్ల నా గేటు దిక్కు రావాలె, కాళ్లు ఇరగ్గొడత."

అనంతయ్య పానాలు తుడిచి వరసలో పెడుతున్నాడు. పదో నంబరు పానా చేతిలో ఉంచుకునే చెప్పాడు. "పరశురాంది తప్పు లేదు పటేలా. పసుపు నేనే పోసిన."

సుధాకర్‌కు మొదట అర్థం కాలేదు. "నువ్వా?"

"రెండుసార్లు బిగించిన. కారుడు ఆగలే. నా చేతులకు తెలుస్తలేదు. ఏడాది దాటింది."

"చెప్పొచ్చు గదన్నా!" సుధాకర్ గొంతు పెద్దదైంది. "నాతోని గాదని నువ్వంటే ఇంకో కాడికి తీస్కవోతుంటి. ఆడు నా బిడ్డ మీద ఒట్టు అని ఏడుస్తుంటే ఇన్లే నేను. నువ్వు ఈడనే ఉన్నవ్! ఇనుకుంట ఉన్నవ్!" ఇంకేదో అనబోయి ఆగాడు. తండ్రి నాటి మనిషిని అంతకన్నా ఏమనాలో అతనికి తోచినట్టు లేదు. వెళ్లి బండిలో కూర్చున్నాడు.

ఇంద్రమ్మ మెల్లగా లేచింది. చెప్పులు రెండూ ఉన్నాయో లేవో కిందికి చూసుకుంది. మార్త ముందుకొచ్చి ఆగింది.

"పసుపు నీ ఇంట్లదేనా?"

"అవునమ్మా."

"నీకెరికనేనా?"

మార్త తల దించుకుంది. నేల మీద పసుపు మరక ఎండి, అంచుల దగ్గర పగుళ్లు తీస్తోంది. ఖాళీ అయినప్పుడల్లా ఆ డబ్బా నింపింది తన చేతులే.

"ఆ బండిల నేను గూడ కూసున్న గద బిడ్డా" అంది ఇంద్రమ్మ. కోపం లేదు. వెళ్లి బండెక్కింది.

కారు వికారాబాద్ వైపు పోయింది. చుక్క కారకుండా పోయింది. తాండూరుకు తిరిగి వెళ్లేటప్పుడు ఆ కారు ఈ షెడ్డు ముందు నుంచే పోవాలి. ఆగదని ఇద్దరికీ తెలుసు.

మార్త గాజులు వేసుకోలేదు. "ఇంకెవలి బండ్లు?" అని అడిగింది.

"ఏ బండ్లు?"

"డబ్బా మూడుసార్లు ఖాళీ అయింది."

చేతిలోని పానా కింద పెట్టి అతను ఆమె వైపు చూశాడు. ఆమెకు తెలుసని అతనికి ఇప్పటిదాకా తెలియదు. లేదా తెలుసేమో. "నవీన్‌కుమార్ సారుది ఒకటి" అన్నాడు. "మహేందర్ టాక్సీ ఒకటి."

నవీన్‌కుమార్ దోమ అనే ఊళ్లో బడి పంతులు. రోజూ ఆ కారులోనే భార్యనూ ఇద్దరు పిల్లలనూ ఎక్కించుకుని పోతాడు. మార్త నంబరు నొక్కి ఫోన్ అతని చెవి దగ్గర పెట్టింది. అతను చెప్పాల్సింది చెప్పాడు. "బండి నడపకుండ్రి సార్. వేరే మెకానిక్‌ను ఇంటికి పిలిపించుకోండ్రి. పసుపు పోసి ఆపిన. నేనే." అవతల సారు ఏమన్నాడో ఆమెకు వినబడలేదు. అనంతయ్య "అవు సార్" అని మూడుసార్లు అన్నాడు.

మహేందర్ గొంతు మాత్రం బయటికే వినిపించింది. మొదట నమ్మలేదు. తర్వాత పడీపడీ నవ్వాడు. "నువ్వా అనంతన్నా! నువ్వు పోసినవా? మరి కరివేపాకు గూడ ఏసినవా లేదా?" అని అడిగి, పక్కనున్న వాళ్లెవరికో కూడా చెప్పి నవ్వాడు. ఆ నవ్వు ఆగేదాకా అనంతయ్య ఫోన్ దగ్గరే ఉన్నాడు. "రేడియేటర్ కడిగించుకో" అని చెప్పి, పెట్టేయమన్నట్టు మార్తకు సైగ చేశాడు.

ఇంటి గడపలో కూర్చుని అడిగాడు. "చేతికి ఎట్లనిపించింది అది?"

"ఏది?"

"రింగు. లోపటికి వోయి కూసున్నప్పుడు."

ఆమె చూపుడు వేలి కొసను బొటనవేలితో రుద్ది చూసుకుంది. "మెత్తగ జారింది. జారి, ఆగింది. ఆగినట్టు తెలిసింది."

"ఆఁ" అన్నాడు. "గట్లనే ఉంటది."

ఇద్దరూ అన్నం తినేసరికి మూడు దాటింది. పొద్దున నింపని డబ్బా గట్టు మీద మూత తెరిచే ఉంది. పసుపు లేని కందిపప్పు తెల్లగా పాలిపోయి, జ్వరం వచ్చి లేచినవాళ్లకు పెట్టే తిండిలా ఉంది. మార్త ఈసారి కంచాన్ని వంటింట్లో ఆరబెట్టడం మర్చిపోయింది. అలాగే తెచ్చి అతని ముందు పెట్టింది. పెట్టాక గుర్తొచ్చి, తీయబోయింది.

అతను చెయ్యి కంచం మీదికి తెచ్చి ఆపాడు. అరచేతి బొబ్బ ఉబ్బి మెరుస్తోంది. పప్పు మీద నుంచి ఆవిరి లేచి వేళ్ల మధ్య నుంచి పోతోంది. అతను ఆ ఆవిరి వైపు కాకుండా ఆమె వైపు చూశాడు.

"వేడిగున్నదా?" అని అడిగాడు.

ఏడాదిన్నరలో అలా అడగడం అదే మొదటిసారి.

"ఉన్నది" అంది మార్త. "ఆగు జర."

అతను చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఆమె చెప్పేదాకా కూర్చున్నాడు.